తల్లి చెప్పిన ఆనవాలు

గత మాసంలో మా స్త్రీల కార్యక్రమానికి ఒక శ్రోత ఉత్తరం వ్రాసినారు. ఆమె పేరు గాని, ఊరు పేరు గాని ఇక్కడ చెప్పను. ఆమెకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టినది. పిల్ల పైపెదవి నడుమ చీలి ఉన్నది. దీనిని మన భాషలో గ్రహణమొర్రి అంటాము. బిడ్డను చూచిన మరుక్షణమే అత్తగారికి ఒక సంగతి జ్ఞాపకం వచ్చినదట: ఏడవ నెలలో చంద్రగ్రహణంనాడు కోడలు వేళ మరచి, కత్తిపీట ముందు కూర్చుండి వంకాయలు తరిగినది. ఇంకేమున్నది, నేరం రుజువైపోయినది. ఉత్తరం చివర ఆ తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, నా బిడ్డ పెదవిని నేనే కోశానా?"

కాదమ్మా అని ఆ రోజే కార్డు వ్రాసి పంపినాను. కాని ఆ ఒక్క మాట తల్లికి సరిపోయినా అత్తగారికి సరిపోదు. ఇరుగుపొరుగు వారికి అసలే సరిపోదు. "రేడియోవారు కాదన్నారు" అంటే, "అయితే మరెందువల్ల వచ్చినది?" అని అడుగుతారు. అట్లా అడగడంలో తప్పేమీ లేదు. కనుక గర్భంలోని బిడ్డకు బయటనుంచి హాని ఏ దారిని చేరుతుంది, ఏ రోజులలో చేరుతుంది, ఆ సంగతి వైద్యులకు ఎట్లా తెలిసినది అన్నవి ఈనాటి ప్రసంగంలో చెప్పదలచినాను. నేను వైద్యుడను కాను. వైద్యుల చేత ప్రసంగాలు చేయించి, వారి వ్రాతప్రతులను శ్రోతలకు తెలిసే తెలుగులోనికి దిద్దుతూ ఇరవై ఏళ్ళు గడిపినవాడను. ఆ దిద్దుబాటులో నేర్చుకొన్నదీ, తరువాత చదివి సరిచూచుకొన్నదీ మీ ముందు పెడుతున్నాను.

మొదట ఆ పేరు సంగతి. ఒక లోపానికి గ్రహణమొర్రి అని పేరు పడిన తరువాత ఇక విచారణ అక్కరలేదు. పేరులోనే తీర్పు ఉన్నది. ఇది మన ఒక్కరి అలవాటు కాదు. ఇంగ్లీషువారు ఈ లోపాన్ని కుందేలు పెదవి అనేవారు. గర్భిణికి కుందేలు ఎదురైతే బిడ్డకు అట్టి పెదవి వస్తుందని అక్కడి పల్లెలలో నమ్మేవారు. మెక్సికో దేశంలో మనవలెనే గ్రహణానికీ మొర్రికీ ముడిపెట్టినారు. ఊళ్ళు వేరు, సముద్రాలు వేరు, ముద్దాయి మాత్రం అన్నిచోట్లా ఒకరే. కడుపుతో ఉన్న ఆడది బయటికి వచ్చినది, చూడరానిది చూచినది, చేయరానిది చేసినది.

పామరులు ఇట్లా తల్లిని తప్పుపడుతూ ఉంటే, పండితులైన వైద్యులు చాలాకాలం దీనికి పూర్తిగా ఎదురుగా మరొక పొరపాటు చేసినారు. గర్భం ఒక కోట అనుకొన్నారు. బిడ్డకూ తల్లికీ నడుమ ఉండే మాయ ఒక గోడ అనీ, తల్లి ఒంటిలోని మంచి దానిగుండా పోతుంది గాని చెడు పోదనీ భావించినారు. లోపంతో పుట్టిన బిడ్డను చూస్తే వంశపారంపర్యం అని వ్రాసి పుస్తకం మూసేవారు. మన కథకులు ఈ విషయంలో వారికంటె మెలకువగా ఉన్నారేమో అనిపిస్తుంది. ప్రహ్లాదుడు తల్లి గర్భంలోనే నారదుని మాటలు విన్నాడన్నారు; అశ్వత్థామ విడిచిన అస్త్రం ఉత్తర గర్భంలోని పసికందును వెదకుకొంటూ వచ్చినదన్నారు. కథ కథే, శాస్త్రం కాదు. అయినా గర్భానికి గోడలు లేవన్న ఊహ వారికున్నది. వైద్యులకు ఆ ఊహ రావడానికి ముందు పందులు కావలసివచ్చినవి. 1933లో అమెరికాలోని టెక్సాసులో ఫ్రెడ్ హేల్ అనే పశుశాస్త్రజ్ఞుడు, విటమిన్ ఎ లేని మేత పెట్టిన ఆడపందికి కనుగ్రుడ్లే లేని పిల్లలు పుట్టడం చూచినాడు. మంచి మేత పెట్టిన తరువాత పుట్టిన పిల్లలు బాగానే ఉన్నవి. ఇది వంశదోషం కాదని తేలినది గాని, పందుల సంగతి మనుష్యులకెందుకు అని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మనుష్యుల సంగతి తేలినది 1941లో, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో. నార్మన్ గ్రెగ్ అక్కడ కంటివైద్యుడు. ఆ సంవత్సరం ఆయన దగ్గరకు నెలల పిల్లలను తీసుకొని తల్లులు వరుసగా రాసాగినారు. ఆ పిల్లల కళ్ళలో తెల్లని శుక్లాలు. శుక్లం ముసలివారికి వచ్చే జబ్బు. ఇంతమంది పసివారికి ఒక్కసారిగా రావడమేమిటి? ఒకనాడు వేచి ఉండే గదిలో ఇద్దరు తల్లులు మాట్లాడుకొంటూ ఉంటే ఆయన చెవిన పడినదని చెబుతారు. నెల తప్పిన క్రొత్తలో నాకు రుబెల్లా వచ్చినది అని ఒకామె అన్నది; నాకూ వచ్చినది అని రెండవ ఆమె అన్నది. గ్రెగ్ ఆ మాటను విని ఊరుకోలేదు. వచ్చిన ప్రతి తల్లినీ అడిగినాడు, తోటి వైద్యులను అడిగించినాడు. 78 మంది బిడ్డల లెక్క పోగైనది. వారిలో 68 మంది తల్లులు గర్భంతో ఉండగా రుబెల్లా వచ్చినదని చెప్పినారు, ఎక్కువమందికి మొదటి రెండు నెలలలోనే. ఆ పిల్లలలో చాలామందికి గుండెలోనూ లోపమున్నది. 1941 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో జరిగిన కంటివైద్యుల సభలో ఆయన ఈ సంగతిని చదివినాడు.

రుబెల్లా అంటే ఏమిటో మన శ్రోతలలో చాలామందికి తెలియకపోవచ్చును. తట్టువలె ఉంటుంది గాని తట్టు కాదు. ఒంటిమీద సన్నని ఎర్రని పొక్కులు, కొద్దిపాటి జ్వరం, చెవుల వెనుక బిళ్ళకట్టడం. మూడు రోజులలో తగ్గిపోతుంది. ఎండకు పేలినదిలే అని మరచిపోయేవారూ ఉంటారు. తల్లిని మూడు రోజులు కూడా మంచాన పడవేయని ఇంత చిన్న జబ్బు బిడ్డ కంటిని, చెవిని, గుండెను పాడుచేస్తుందంటే పెద్ద వైద్యులు నమ్మలేదు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక 1944లో కూడా రుజువు చాలదని వ్రాసినది. తల్లులు చెప్పిన మాటల మీద శాస్త్రం కట్టవచ్చునా అన్నది వారి సందేహం. ఆ సందేహం తీర్చినది ఒక గణిత శాస్త్రజ్ఞుడు. ఆలివర్ లాంకాస్టర్ 1951లో ఆస్ట్రేలియా జనాభా లెక్కలు తిరగవేసి, పుట్టు చెవిటివారు ఏ ఏ సంవత్సరాలలో ఎక్కువగా పుట్టినారో చూచినాడు. రుబెల్లా ఊరూరా వ్యాపించిన కాలమూ, బధిరులు ఎక్కువగా పుట్టిన కాలమూ ఒకదానితో ఒకటి సరిపోయినవి. గ్రెగ్ పుట్టి పెరుగుతున్న నాటి లెక్కలలోనే, 1899 ప్రాంతంలోనే, ఆ సాక్ష్యం పడి ఉన్నది. అడిగినవారు లేరు.

తరువాతి సంగతి త్వరగా చెబుతాను. 1962లో రుబెల్లా వైరస్‌ను వేరుచేసినారు. 1964, 65 సంవత్సరాలలో అమెరికాలో రుబెల్లా విజృంభించి సుమారు 20,000 మంది బిడ్డలు లోపాలతో పుట్టినారు. 1969లో టీకా వచ్చినది. మన దేశంలో 2017లో తట్టు, రుబెల్లా టీకాల ఉద్యమం ఆరంభమై, ఆ సంవత్సరం ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు వచ్చినది. తొమ్మిది నెలల పిల్లలనుంచి పదిహేనేళ్ళ పిల్లలవరకు బడులలో టీకా వేసినారు. అప్పుడు "మా అమ్మాయికి వద్దు" అని బడికి పంపని ఇళ్ళు నాకు తెలుసు. ఆ అమ్మాయిలలో కొందరు ఈనాడు పెళ్ళీడుకు వచ్చినారు. గర్భిణికి ఈ టీకా వేయరు. పెళ్ళికి ముందో, గర్భం రాకముందో వేయించుకొని ఒక నెల ఆగవలెను. కనుక ఆ ఇళ్ళవారు ఇప్పుడైనా వైద్యుని అడిగి తెలుసుకొనడం మంచిది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి రోజుల లెక్క చెప్పవలెను. నేను చెప్పబోయే లెక్క గర్భం నిలిచిన నాటినుంచి. ఆసుపత్రి చీటీలో వ్రాసే వారాలు కడపటి ముట్టునుంచి లెక్కించినవి గనుక వాటికి రెండు వారాలు ఎక్కువ ఉంటుంది. సుమారు 22వ రోజుకు గుండె కొట్టుకొనడం మొదలుపెడుతుంది. మెదడుకూ వెన్నుపాముకూ ఆధారమైన నాళం 28వ రోజులోపల మూసుకొంటుంది. ఆ రోజులలోనే చేతులకూ కాళ్ళకూ మొటిమలవంటి మొలకలు పుడతవి. పైపెదవి నాలుగవ వారానికీ ఏడవ వారానికీ నడుమ కలుస్తుంది. అంగిలి ఆ తరువాత, తొమ్మిదవ వారం లోపున. ఎనిమిది వారాలకు మనిషి రూపం దాదాపు తయారు. కుమ్మరి సారె మీద కుండ తిరుగుతున్నప్పుడు వేలు తగిలితే సొట్ట పడుతుంది. కాల్చిన కుండను ఎంత తడిమినా సొట్ట పడదు. బిడ్డ అవయవాలు అట్టివే, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పచ్చిదినం. మెదడు ఒక్కటి మాత్రం తొమ్మిది నెలలూ పచ్చిగానే ఉంటుంది. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

ఈ రోజుల లెక్క ఎంత నిక్కచ్చియో లోకానికి తెలిపినది థాలిడోమైడ్ అనే మాత్ర. పశ్చిమ జర్మనీలో 1957 అక్టోబరు 1న కాంటర్గాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చినది. నిద్రమాత్ర. ఎలుకలకు ఎంత పెట్టినా చావలేదు గనుక ఇంత క్షేమమైన మందు లేదన్నారు. వైద్యుని చీటీ లేకుండానే అమ్మినారు. వేవిళ్ళు తగ్గుతవని గర్భిణులకూ ఇచ్చినారు. కొంతకాలానికి, భుజాలనుంచే వ్రేళ్ళు మొలిచిన బిడ్డలు, చేతులు లేని బిడ్డలు పుట్టసాగినారు. 1961లో హాంబుర్గ్ నగరంలో విడుకింట్ లెంజ్ అనే పిల్లల వైద్యుని దగ్గరకు ఒక యువ న్యాయవాది వచ్చినాడు. ఆయన కుమారునికీ, సోదరి కుమార్తెకూ ఒకే విధమైన లోపం. వంశదోషమని ఎవరైనా అనుకొంటారు. లెంజ్ కూడా వంశశాస్త్రం చదివినవాడే. అయినా ఇంటింటికీ పోయి తల్లులను అడిగినాడు. మొదట అడిగినప్పుడు చాలామంది ఆ మాత్ర పేరే ఎత్తలేదు. దాచినారని కాదు. నిద్రమాత్ర ఒక మందని, చెప్పుకోదగిన సంగతి అని వారికి తోచలేదు. పేరు పెట్టి మళ్ళీ అడిగితే, అవును వేసుకొన్నాము అన్నారు. నవంబరు నడుమ ఆయన ఆ కంపెనీకి తెలిపినాడు, సభలో చెప్పినాడు, పత్రికలలో వచ్చినది, నెల చివర మాత్రను అంగళ్ళనుంచి తీసివేసినారు. అప్పటికే లోకంలో సుమారు 10,000 మంది బిడ్డలు ఆ లోపాలతో పుట్టినట్లు అంచనా.

తల్లులు చెప్పిన తేదీలను తరువాత వరుసగా పేర్చి చూచినారు. గర్భం నిలిచిన 20వ రోజుకూ 36వ రోజుకూ నడుమ మాత్ర వేసుకొన్నవారి బిడ్డలకే ఆ హాని. ఆ పదహారు రోజులలో ముందు వేసుకొంటే చెవులు, తరువాత అయితే చేతులు, ఆ తరువాత అయితే కాళ్ళు. కొందరు వేసుకొన్నది ఒకే ఒక మాత్ర. ఆ గడువు దాటినాక వేసుకొన్నవారి బిడ్డలకు చేతులు చక్కగానే ఉన్నవి. ఎలుకకు ఏమీ చేయని మందు కుందేలుకు, కోతికి, మనిషికి హాని చేస్తుందని కూడా అప్పుడే తెలిసినది.

అమెరికాలో ఆ మాత్ర అంగడికే రాలేదు. 1960 సెప్టెంబరులో అనుమతికై దరఖాస్తు వచ్చినప్పుడు, ఔషధాల కార్యాలయంలో క్రొత్తగా చేరిన ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యురాలు రుజువులు చాలవని త్రిప్పి పంపినది. కంపెనీవారు ఎన్నిసార్లు తిరిగినా ఆమె అడిగినదే అడిగినది: గర్భంలోని బిడ్డకు ఏమీ కాదనడానికి మీ దగ్గర ఏమున్నది? యుద్ధకాలంలో కుందేళ్ళపై క్వినైనుతో పనిచేసిన అనుభవం ఆమెకున్నది. పెద్ద ప్రాణి తట్టుకొన్నది పిండం తట్టుకోలేదని ఆమె చూచినది. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ ఆమెను సన్మానించినాడు. నూటొక్క సంవత్సరాలు బ్రతికి 2015లో కాలం చేసినది. ప్రభుత్వ కచేరీలో కాగితం కదలకపోవడాన్ని మెచ్చుకొనవలసివచ్చిన సందర్భం నా ఎరుకలో ఇదొక్కటే.

ఈ కథకు ఒక పిట్టకథ ఉన్నది, అది కూడా వినండి. ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అనే ప్రసూతి వైద్యుడు కూడా 1961 డిసెంబరులో ఇదే హెచ్చరిక లాన్సెట్ పత్రికలో ప్రకటించి లోకప్రసిద్ధుడైనాడు. ఆ తరువాత వేవిళ్ళకు ఇచ్చే మరి కొన్ని మందుల మీద కూడా దండెత్తినాడు. ఆ పోరులో కుందేళ్ళపై చేసిన ప్రయోగపు అంకెలను మార్చినట్లు తేలి, 1993లో వైద్యుల పట్టికనుంచి ఆయన పేరు కొట్టివేసినారు. ఆయన నిందించిన వాటిలో ఒకటైన మందు సంతను విడిచిపోయినది; దానిలో దోషం లేదని తేలి, దానిలోని రెండు ముఖ్య ద్రవ్యాలతో చేసిన మాత్రను ఈనాడు మన వైద్యులు కూడా వేవిళ్ళకు వ్రాస్తున్నారు. ఏ మందునైనా అనుమానించవచ్చును, కాని అనుమానానికీ రుజువు కావలెను. లేకుంటే అది కూడా గ్రహణంవంటి నిందే అవుతుంది.

థాలిడోమైడ్ మాత్రం లోకంనుంచి పోలేదు. కుష్ఠురోగులకు వచ్చే ఒక బాధాకరమైన వికారం దీనితో ఉపశమిస్తుందని 1964లో జెరూసలెం నగరంలోని ఒక వైద్యుడు కనుగొన్నాడు. మూలుగులో పుట్టే ఒక విధమైన కాన్సరుకు ఈనాడు మన దేశంలో కూడా దీనిని వాడుతున్నారు. ఆ మందు ఇంట్లో ఉన్నవారు దానిని తాళం పెట్టి దాచవలెను. నాన్నగారికి నిద్ర పడుతున్నదని కూతురు ఒకటి నోట వేసుకొనరాదు.

ఇప్పుడు మెదడు సంగతి. జపాన్ దేశపు పశ్చిమతీరంలో మినమట అనే ఊరున్నది. చేపలు పట్టుకొని బ్రతికే పల్లెలు. అక్కడి రసాయనాల కర్మాగారం వదిలిన నీటిలో పాదరసముండేది. ఆ పాదరసం సముద్రంలో చేపల ఒంటికి పట్టినది. ముందు పిల్లులు గిరగిర తిరిగి చచ్చినవి. తరువాత మనుష్యులకు చేతులు వణికినవి, చూపు తగ్గినది, మాట తడబడినది. 1956 మే 1న ఆ వ్యాధి సంగతి ఆరోగ్యశాఖకు చేరినది. పల్లెలలో ఆ ఏళ్ళలో పుట్టిన కొందరు పిల్లలు మెడ నిలుపలేక, నడవలేక ఉన్నారు. వైద్యులు చూచి, ఇది మినమట వ్యాధి కాదు, పుట్టుకతో వచ్చిన పక్షవాతం అన్నారు. ఎందుకు కాదంటే, ఈ పిల్లలు చేప తినలేదు గదా!

హరదా మసజుమి అనే యువవైద్యుడు 1961లో ఆ పల్లెకు పోయినాడు. ఒక ఇంటి అరుగు మీద అన్నదమ్ములిద్దరు కనబడినారు. ఇద్దరి లక్షణాలూ ఒకటే. తల్లిని అడిగితే, పెద్దవానిది మినమట వ్యాధి, చిన్నవానిది కాదు, డాక్టర్లు అట్లా చెప్పినారు అన్నది. తాను మాత్రం ఆ మాట నమ్మడం లేదన్నది. వాడు తినలేదు, నిజమే. వాణ్ణి కడుపులో పెట్టుకొని నేను తిన్నాను గదా అన్నది. మాయగుండా విషం పోదని హరదా చదువుకొన్న పుస్తకాలలో ఉన్నది. ఆమె ఏ పుస్తకమూ చదువలేదు. ఆ సంవత్సరం అట్టి బిడ్డ పుట్టిన ఇళ్ళు ఇంకా ఉన్నవి, పోయి చూచుకొమ్మని ఆమే పంపినది. 1962లో చనిపోయిన ఒక బిడ్డ శవపరీక్షతో తల్లి మాటే నిజమని తేలినది. తరువాత తెలిసినదేమనగా, ఆ విషాన్ని మాయ ఆపకపోగా, తల్లి రక్తంలోకంటె బిడ్డ రక్తంలోనే అది ఎక్కువగా చేరుతుంది. తల్లికి పెద్దగా జబ్బు కనబడకపోవడానికి అదొక కారణం. నా ఒంటిలోని విషమంతా నా బిడ్డ త్రాగి నన్నూ, తన తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ బ్రతికించినదని అక్కడి తల్లి ఒకామె చెప్పుకొన్నది.

హరదాకు గడచిన ఏళ్ళ సాక్ష్యం కావలసివచ్చినది. జపాన్‌లో బిడ్డ బొడ్డుత్రాడును ఎండబెట్టి చిన్న చెక్కపెట్టెలో దాచే ఆచారమున్నది. మన ఇళ్ళలో కూడా కొందరు ఊడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలత్రాటికి కడతారు గదా. 1968లో ఆయన ఇల్లిల్లూ తిరిగి ఆ బొడ్డుత్రాళ్ళను అడిగి తీసుకొని పరీక్ష చేయించినాడు. ఏ సంవత్సరపు బిడ్డ త్రాటిలో ఎంత పాదరసమున్నదో తేలినది. తల్లులు అరలలో దాచిన ఆ ఎండు త్రాళ్ళు కర్మాగారంపై సాక్ష్యం చెప్పినవి.

ఇంతవరకు చెప్పినది విని ఇంట్లో గర్భిణి ఉన్నవారు బెంబేలు పడరాదు. లోకంలో ఏ దేశంలోనైనా నూరు కాన్పులలో సుమారు మూడింట ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. వాటిలో బయటి వస్తువువల్ల వచ్చినవని చెప్పగలిగినవి పదింట ఒకటికి మించవు. కొన్ని వంశపారంపర్యం, మేనరికాలు ఎక్కువైన మన ప్రాంతంలో అవి కొంత హెచ్చు. సగానికి పైగా కారణం తెలియనివే. అయితే ఆ తెలిసిన కొద్దిపాటి హాని తప్పించుకొనదగినది గనుకనే ఇంత చెబుతున్నాను.

తప్పించుకొనదగిన వాటిలో మొదటిది లేమి. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ గర్భానికి ముందునుంచి తీసుకొంటే, వెన్నెముక మూసుకోని లోపం మళ్ళీ రావడం నూటికి డెబ్బైరెండు పాళ్ళు తగ్గుతుందని 1991లో ఇంగ్లండువారు జరిపించిన పెద్ద పరీక్షలో తేలినది. ఆ నాళం 28 రోజులలో మూసుకొంటుందని చెప్పినాను. నెల తప్పినదని తెలిసి, ఆసుపత్రికి పోయి, మాత్ర తెచ్చుకొనేసరికి ఆ గడువు దాటిపోతుంది. బిడ్డ కావాలని అనుకొన్ననాటినుంచే వేసుకొనవలసిన మాత్ర అది. మధుమేహమున్న స్త్రీ కూడా అంతే; గర్భానికి ముందే చక్కెర అదుపులో పెట్టుకొనవలెను.

ఇక మందులు. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేటు, మొటిమలకు మ్రింగే ఐసోట్రెటినాయిన్, ఇవి నిస్సందేహంగా హాని చేసేవి. కాని మూర్ఛమాత్రను భయపడి తమంతట తాము మానిన గర్భిణికి మూర్ఛలు వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ అపాయం రావచ్చును. మానడం కాదు, ముందుగా వైద్యుని అడిగి వేరు మందుకు మారడం. మగబిడ్డ పుడతాడని రెండవ నెలలో రహస్యంగా ఇచ్చే పొడులను గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. హర్యానాలో జరిపిన పరిశీలనలో అట్టి మందులు తిన్న తల్లుల బిడ్డలలో లోపాలు ఎక్కువగా కనబడినవి. అవయవాలు ఏర్పడే ఆ వారాలనే వెదకి మరీ ఆ పొడిని పెడతారు. కల్లు చలువ చేస్తుంది, కడుపుతో ఉన్నదానికి ఒక ముంత మంచిదే అనే పెద్దలు కొన్ని ఊళ్ళలో ఉన్నారు. కల్లులో ఉన్నదీ ఆల్కహాలే, విస్కీలో ఉన్నదీ అదే. బిడ్డ మెదడుకు ఇంత అయితే మేలు అనే కొలత లేదు. ఇంట్లో మగవారు కాల్చే బీడీ పొగ కూడా గర్భిణి పీల్చేదే. ఇందుకు ఎదురుగా, దగ్గు వచ్చి ఒక్కసారి రొమ్ముకు ఎక్స్‌రే తీయించుకొన్నాను, గర్భం తీయించుకోనా అని అడిగే ఉత్తరాలు మాకు వస్తూ ఉంటవి. అక్కరలేదు. ఒక్క రొమ్ము ఎక్స్‌రేలో గర్భానికి చేరేది మిక్కిలి స్వల్పం.

గ్రహణంనాడు ఏమి చేసినా ఏమీ కాదా అంటే, ఒకటి అవుతుంది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనీయక గర్భిణిని గంటలకొద్దీ చీకటి గదిలో కదలకుండా పడుకోబెడితే, ముఖ్యంగా మధుమేహమున్నవారికి, శోష వస్తుంది.

ఆ తల్లి ఉత్తరానికి తిరిగివద్దాము. ఆమె వంకాయ తరిగినది ఏడవ నెలలో. పైపెదవి కలియవలసిన గడువు రెండవ నెలలోనే ముగిసినది. అనగా ఆమె కత్తిపీట ముందు కూర్చున్న నాటికి ఆ పెదవి చీలి అయిదు నెలలైనది. అత్తగారు వ్రేళ్ళు మడిచి నెలలు లెక్కించగలరు గనుక ఈ లెక్క వారికి చెప్పమని రెండవ ఉత్తరంలో వ్రాసినాను. మధుమేహమున్నదా, మూర్ఛకు మందులు వాడినారా, పొగాకు అలవాటున్నదా అని కూడా అడిగినాను. మొర్రికి కారణాలుగా తెలిసినవి అవి. ఏవీ లేవని జవాబు వచ్చినది. లోకంలో సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డకు ఈ లోపం వస్తుంది, వారిలో ఎక్కువమంది తల్లులు ఇదే జవాబు చెబుతారు.

పెదవికి శస్త్రచికిత్స మూడవ నెలకూ ఆరవ నెలకూ నడుమ చేస్తారు. అంగిలి కూడా చీలి ఉంటే దానికి ఏడాది ప్రాంతంలో. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఇది ఉచితం. అంగన్‌వాడీలో గాని ప్రభుత్వాసుపత్రిలో గాని అడిగితే దారి చెబుతారు. పది వారాల వయస్సు, పది పౌనుల బరువు, పది గ్రాముల హీమోగ్లోబిన్ అని శస్త్రవైద్యులలో ఒక పాత సూత్రమున్నది. పది పౌనులంటే నాలుగున్నర కిలోలు. చీలిన పెదవితో పిల్ల చన్ను పట్టలేకపోతే, నిలువుగా ఎత్తుకొని, పిండిన పాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయవలెను. వారింట ఉగ్గుగిన్నె ఉన్నదట, అత్తగారి కాలం నాటిది. మొన్న తూచినప్పుడు పిల్ల నాలుగు కిలోలకు వచ్చినదని వ్రాసినారు.